స్కేలు మాస్టారి సంతకం

"ఫోను," అన్నాడు స్కేలు మాస్టారు చెయ్యి చాపి.

తొమ్మిదో తరగతి గుమ్మం ముందు వరుస ఒక అడుగు కదిలింది. పిల్లలు జేబుల్లోంచి, సంచుల్లోంచి, ఒకడైతే సాక్సులోంచి ఫోన్లు తీసి ఆయన అరచేతిలో పెడుతున్నారు. ఆయన ఒక్కోదాన్నీ తిప్పి చూసి, నిజంగా ఆర్పేశారో లేదో నొక్కి చూసి, తలుపు వెనక వేలాడుతున్న గుడ్డ తెరలో దోపుతున్నాడు. ఆ తెర నిండా జేబులే. జేబుకో రోల్ నంబరు. దర్జీ దగ్గర కూర్చుని ఆయనే దగ్గరుండి కుట్టించాడు. ఇప్పుడు బడిలో ప్రతి గదికీ అలాంటిదొకటి ఉంది. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన సర్వీసులో ఆయన పేరు మీద చెప్పుకోవడానికి మిగిలింది ఆ తెర ఒక్కటే.

"నడుం దగ్గర ఉబ్బుగా ఉందేంట్రా?"

"కాలిక్యులేటర్ సార్."

"కాలిక్యులేటర్‌కి ఇయర్‌ఫోన్స్ ఎందుకు?"

"లెక్క వినపడాలి కద్సార్."

వరుసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. పొడుగ్గా, సన్నగా, మెడ నుంచి మడమ దాకా ఎక్కడా వంపు లేకుండా ఉంటాడు కాబట్టి పిల్లలు ఆయనకి స్కేలు అని పేరు పెట్టారు. వాళ్ళకి ముందు చదివిన వాళ్ళు పెట్టారు, వీళ్ళు కొనసాగిస్తున్నారు. సుద్ద తినేసిన వేళ్ళ చివర్లు పగిలి, ఎంత కడిగినా తెల్లగానే ఉంటాయి. చొక్కా జేబులో ఎర్ర పెన్ను. పక్కన ఇంకో ఎర్ర పెన్ను, మొదటిది రాయకపోతే.

ఫోను దోపుతూనే ఆయన కళ్ళు ఎదురు గది వైపు పోయాయి. రోజూ పోతాయి. వద్దనుకున్నా పోతాయి.

అక్కడ కొత్త లెక్కల టీచర్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చెయ్యి చాపదు. ఫోను అన్న మాట కూడా అనదు. పిల్లలే వచ్చి వాళ్ళ జేబుల్లో వాళ్ళే పెట్టుకుంటున్నారు. పెడుతూ పెడుతూ ఆమెకేదో చెబుతున్నారు. పిల్లి ఈనింది అనో, అన్నయ్య పరీక్ష తప్పాడు అనో. ఆమె వింటోంది. ఆ తెర కుట్టించింది తను, దాని ముందు నవ్వులు పూయిస్తోంది ఆవిడ.

ఆ బడిలో టీచర్లందరికీ ఒకే భయం. వీడియో. కిందటేడు డ్రిల్లు మాస్టారు చెట్టు నీడలో కునుకు తీస్తే ఎవడో తీసి, దానికి రైలింజను చప్పుడు కలిపి వదిలాడు. ఆయన కూతురి పెళ్ళిచూపుల్లో కూడా ఆ చప్పుడు వినిపించింది. చరిత్ర టీచర్ తన పుట్టినరోజు ఫొటో ఎక్కడో పెట్టుకుంటే, అది మర్నాడు నల్లబల్ల మీద కిరీటంతో సహా ప్రత్యక్షమైంది. అప్పట్నుంచీ స్టాఫ్ రూములో ఎవరి ఫోను మోగినా అందరి గుండెలూ మోగుతాయి.

స్కేలు మాస్టారి భయం వేరు. ఆయన్ని ఎవరూ తీయలేదు. నిద్రపోతూ తీయలేదు, తిడుతూ తీయలేదు, జారిపడ్డప్పుడు కూడా తీయలేదు. వర్షాకాలంలో ఒకసారి మెట్ల మీద జారి కూర్చుండిపోతే, చుట్టూ ఉన్న పిల్లలు చెయ్యిచ్చి లేపి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఒక్కడి చెయ్యైనా జేబులోకి పోలేదు.

కొత్త టీచర్ని మాత్రం తీశారు. అడిగి మరీ తీశారు. ఆమె పెట్టిన షరతు బడంతా తెలుసు. పాఠం ఆఖర్న ఒకే ఒక్క ఫోను బయటికి రావాలి. చేతులు మాత్రమే తీయాలి. ముఖం, ఆమె పేరు, బడి పేరు ఎక్కడా రాకూడదు. పిల్లలు మాట తప్పలేదు. ఒక జత చేతులు కాగితాన్ని మడుస్తాయి, ఒక గొంతు లెక్క చెబుతుంది, అంతే. వాళ్ళు దానికి 'మడత లెక్కలు' అని పేరు పెట్టి వదిలారు. ఊళ్ళు దాటి పాకింది.

"ముఖం దాచుకుంటే ముఖానికి ధర పెరుగుతుంది. భలే తెలివి," అని స్కేలు మాస్టారు స్టాఫ్ రూములో అన్నాడొకసారి. ఎవరూ నవ్వలేదు.

అసలు పుండు మీద కారం చల్లింది ఆయన భార్య. నిన్న రాత్రి అన్నాలయ్యాక ఆవిడ ఫోను పట్టుకుని పక్కన కూర్చుంది.

"ఏవండీ, మా చెల్లెలు పంపింది చూడండి. ఎవరో మహాతల్లి. ఇన్నేళ్ళు మీతో కాపురం చేశాను కదా, భిన్నం అంటే ఇదని ఇవాళ తెలిసింది నాకు."

ఆయన చూశాడు. ఆ చేతులెవరివో చెప్పలేదు. భార్య రెండోసారి చూసింది, మూడోసారి చూసింది. చూస్తూ పాత కాగితమొకటి తీసుకుని తనూ మడిచింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు కోసం ఆయన పెళ్ళైన కొత్తల్లో ఎన్నో ప్రయత్నాలు చేశాడు, ఏదీ లెక్కలతో కాదు.

అప్పుడే వినిపించిందా మాట. వీడియోలో ఆ గొంతు అంది, "ఇప్పుడిది దీర్ఘచతురస్రం కాదు, చతురస్రం."

తప్పు. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే. ఆయన వెన్ను ఇంకా నిటారైంది. దాహమేసిన వాడికి చెంబు కనపడినట్టు ఆ తప్పు కనపడింది. ఫోను తీసి, ఆ వీడియో కింద, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. నిర్వచనం రాశాడు. నిరూపణ రాశాడు. ఇంత మాత్రం తెలియకుండా బోధించడం పిల్లలకు ద్రోహమని రాశాడు. కూతురు పెట్టిచ్చిన ఖాతాలో ఆయన పేరు లేదు, గులాబీ పువ్వు బొమ్మ ఉంది. పువ్వు చెబితే ఎవరు వింటారు? అందుకని, జవాబు పత్రం దిద్దాక అడుగున పెట్టినట్టే, సంతకం పెట్టాడు. తన పూర్తి పేరు. దాని కింద హోదా. దాని కింద బడి పేరు, వీధి పేరు. చివర్న, ఈ ఉపాధ్యాయురాలు మా బడిలోనే పనిచేస్తున్నారు అని.

ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్ర పట్టింది.

ఇవాళ మొదటి ఇంటర్వెల్‌లో టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆయన ఫోను తీశాడు. తన మాట కింద చాలా మాటలు చేరి ఉన్నాయి. 'సార్, దయచేసి బడి పేరు తీసేయండి' అని ఎవరో రాశారు. మడత లెక్కల పిల్లలే అయ్యుంటారు. తప్పు కప్పిపుచ్చడానికి ఎంత తాపత్రయం అనుకున్నాడు. దాని కింద ఇంకొకటుంది. అది చదివి గ్లాసు కింద పెట్టేశాడు.

'మాస్టారూ, మీలాంటి వాళ్ళుండబట్టే చదువింకా బతికుంది. కాగితాలు మడిచే వాళ్ళకి పేరొస్తోంది, అసలు చదువు చెప్పేవాళ్ళు మరుగున పడుతున్నారు. మా అబ్బాయిని మీ దగ్గర చదివించాలని ఉంది. ఇవాళ మీ ఊళ్ళోనే పనుంది. ఎప్పుడొస్తే కలవచ్చు? ఆ టీచర్ గారు కూడా ఉంటే ఆ తప్పు సంగతి ముగ్గురం మాట్లాడుకోవచ్చు.'

ఆయన అది రెండుసార్లు చదివాడు. ఆమెకన్నా తను మేలని ఒక మనిషి రాతపూర్వకంగా అన్నాడు. ఆయన చెవులు వేడెక్కాయి.

"ఏంటి గురువుగారూ, ప్రేమలేఖా?" డ్రిల్లు మాస్టారు భుజం మీదుగా తొంగి చూడబోయాడు.

"పేరెంటు," అన్నాడు స్కేలు మాస్టారు ఫోను వెనక్కి లాక్కుని. "నన్నే కావాలంటున్నాడు."

"మిమ్మల్నా? తప్పు నంబరేమో చూసుకోండి."

ఆయన పట్టించుకోలేదు. వెంటనే జవాబు రాశాడు. ఆఖరి గంట కొట్టాక ముందు గేటు దగ్గరికి రండి, ఆమె కూడా అటే వస్తుంది, నేను చూపిస్తాను.

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ టీచర్లందర్నీ కూర్చోబెట్టింది. బొద్దుగా ఉండే మనిషి, మాట మాత్రం కత్తిరించి పెట్టినట్టుంటుంది.

"మీ ఖాతాలకి తాళాలు వేసుకోండి. ఇంటి ఫొటోలు, పిల్లల ఫొటోలు తీసేయండి. పిల్లలు స్నేహమంటూ అడిగితే నొక్కకండి. ముఖ్యంగా, ఎక్కడా ఎవరూ బడి పేరు రాయొద్దు."

"రాస్తే ఏమవుతుంది మేడం?" అంది చరిత్ర టీచర్. "బోర్డు మీద ఇంత అక్షరాలతో ఉంది కదా."

"బోర్డు చదవాలంటే ఇక్కడికి రావాలి. ఫోను చదవాలంటే అక్కర్లేదు," అంది హెడ్మిస్ట్రెస్. ఆమె చూపు ఒక్క క్షణం కొత్త టీచర్ మీద ఆగి పక్కకి పోయింది.

స్కేలు మాస్టారు ఆ చూపు పట్టుకున్నాడు. చూశావా, ఈవిడ కోసం మీటింగు కూడా అనుకున్నాడు. తన సంతకం గుర్తొచ్చి కొంచెం ఇబ్బందిగా కదిలాడు. తీసేద్దామా? తీసేస్తే దాని కిందున్న ఆ పెద్దమనిషి మాటలూ పోతాయి. భార్యకి ఇంకా చూపించలేదు. సాయంత్రం చూపించి తీసేయొచ్చు.

మీటింగయ్యాక వరండాలో కొత్త టీచర్ తరగతి లీడరమ్మాయి ఆయనకి అడ్డం వచ్చింది. రెండు జడలు, చేతుల మీద పెన్ను గీతలు.

"సార్, మీరు రాసింది తీసేయండి సార్."

"తప్పు దిద్దితే తీసేయాలా?"

"దిద్దింది ఉంచండి సార్. కింద పేరు తీసేయండి. మేం టీచర్‌కి మాటిచ్చాం. ఎందుకని ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు."

"ఎందుకో తెలీకుండానే మాటిచ్చారా?"

"అడిగింది టీచర్ కద్సార్," అంది ఆ పిల్ల, అదే సమాధానం అన్నట్టు.

ఆయనకి ఒళ్ళు మండింది. తను పలక మీద గీత గీసినట్టు స్పష్టంగా చెప్పినా పిల్లలు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. ఆవిడ కారణం చెప్పకపోయినా తలూపుతారు. "క్లాసుకి పో," అన్నాడు.

ఆ పిల్ల క్లాసుకి పోయింది. పోయి టీచర్‌కి చెప్పింది.

ఆఖరి పీరియడ్ సగంలో కొత్త టీచర్ ఆయన గుమ్మం దగ్గరికొచ్చింది. పిల్లలకి లెక్క ఇచ్చి ఆయన బయటికొచ్చాడు. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాడు. కోపమైతే బాగుండేది. ఆమె పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"మాస్టారూ, ఆ రాసింది మీరేనా?"

"తప్పు కదమ్మా అది. దీర్ఘచతురస్రం..."

"తప్పే. మీరు దిద్దింది కరెక్టు. రేపు పిల్లలకి చెబుతాననుకున్నాను," అంది. "కింద ఒకాయన రాశాడు. మా అబ్బాయిని చేర్పిస్తానని. ఆయనకి జవాబిచ్చారు మీరు."

"ఆ. పేరెంటు."

"ఆయనకి అబ్బాయి లేడు మాస్టారూ. పాప ఉంది. నా దగ్గరుంది."

లోపల ఎవరో పెన్సిలు కింద పడేశారు. అది దొర్లుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ రాత తీరు నాకు తెలుసు. ముందు పొగుడుతాడు. నాతో కూడా అలాగే మొదలెట్టాడు." ఆమె ఎడమ చెయ్యి కుడి మోచేతిని పట్టుకుని ఉంది, అక్కడేదో దాస్తున్నట్టు. "రెండు ఊళ్ళు మారాను. పాప పేరు కూడా మార్చాను. కోర్టు కాగితం ఉంది, దగ్గరికి రాకూడదని. కాగితం తలుపుకి అడ్డం నిలబడదు కదా. గొంతు కూడా వద్దనాల్సింది. పిల్లలు అంతలా అడిగేసరికి కాదనలేకపోయాను. నాకది ఒక్కటే సరదా మిగిలింది."

"నాకు తెలీదమ్మా."

"మీకు తెలియక్కర్లేదు మాస్టారూ. పేరు రాయకుండా ఉంటే చాలు. పిల్లలు మాత్రం కారణం తెలిసే మానేశారా?"

ఆయన చేతిలో ఎర్ర పెన్ను మూత తీసి ఉంది, చొక్కా అంచుకి తగిలి మరక పాకుతోంది. ఆయన చూసుకోలేదు.

"ఆఖరి గంటకి రమ్మన్నాను. ముందు గేటుకి."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. ఏడవలేదు. అలవాటైన పనిలోకి దిగే మనిషిలా జుట్టు ముడి బిగించుకుంది.

"అయితే కొంచెం టైముంది. మేడం కారు లాబ్ వెనక ఉంది. పాపని దాని బడి నుంచి తీసుకుని అట్నుంచి అటే వెళ్ళిపోతాను. ఆయన్ని మీరు కాసేపు గేటు దగ్గర నిలబెట్టగలరా?"

"ఎలా?"

మొదటిసారి ఆమె పెదవి అంచు కదిలింది. "మీకు చేతకానిదేముంది మాస్టారూ. పాఠం చెప్పండి."

గంట కొట్టారు. తెరల్లోంచి ఫోన్లు పిల్లల జేబుల్లోకి వెళ్ళిపోయాయి. స్కేలు మాస్టారు అందరికన్నా ముందు గేటు దగ్గరికి చేరుకున్నాడు. వాచ్‌మన్‌కి గేటు సగమే తెరవమన్నాడు.

ఇస్త్రీ నలగని చొక్కాలో, నున్నగా దువ్విన తలతో, ఒక మనిషి గోడ వార నిలబడి ఉన్నాడు. చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె. ఒక మూల కాగితం చిరిగి, లోపల్నుంచి బొమ్మ తాలూకు బంగారు జుట్టు కనిపిస్తోంది. అబ్బాయికట.

"మాస్టారు మీరేనా? నమస్కారం. ఆవిడేరీ?"

"వస్తుంది, పేపర్లు సర్దుకుంటోంది. ఈలోగా మీరు చతురస్రం సంగతి అడిగారు."

"అది తర్వాత..."

"తర్వాత ఎలా అవుతుంది? మూలం అక్కడుంది. చూడండి, దీర్ఘచతురస్రమంటే ఏంటి? నాలుగు కోణాలూ లంబకోణాలు. అవునా కాదా?"

"అవును."

"అవునంటే సరిపోదు. ఎందుకో చెప్పాలి." ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి గేటు స్తంభం మీద గీయడం మొదలుపెట్టాడు. ఆ మనిషి ఆయన భుజం మీదుగా చూస్తే, భుజం అటు జరిపాడు. ఇటు చూస్తే ఇటు జరిపాడు. నిర్వచనం చెప్పాడు. దానికి ఉదాహరణ చెప్పాడు. ఉదాహరణకి మినహాయింపు చెప్పాడు. మినహాయింపు ఎందుకు మినహాయింపు కాదో చెప్పాడు. ఇన్నేళ్ళుగా తరగతి గదుల్ని నిద్రపుచ్చిన ఆ గొంతు తడబడకుండా సాగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన విసుగు ఒకరికి అక్కరకొస్తోంది. బడి వెనక వైపు ఒక కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆయన గొంతు పెంచాడు.

"ఇప్పుడు సమాంతర చతుర్భుజానికి వద్దాం."

"తప్పుకోవయ్యా," అన్నాడా మనిషి. మర్యాద పెట్టెలోంచి జారిపడినట్టు పడిపోయింది. ఆయన రెక్క పట్టుకుని పక్కకి నెట్టాడు. స్కేలు మాస్టారు స్తంభానికి గుద్దుకున్నాడు గాని తప్పుకోలేదు.

అప్పుడు వెనక నుంచి ఒక ఫోను లేచింది. లీడరమ్మాయిది. దాని పక్కన ఇంకొకటి. మెట్ల మీద, సైకిళ్ళ దగ్గర, గోడ మీద కూర్చున్న వాళ్ళ చేతుల్లో, చూస్తుండగానే గేటు చుట్టూ ఫోన్లు మొలిచాయి. అన్ని కళ్ళూ ఇటే. స్కేలు మాస్టారి గుండె ఒక్కసారి ఎగిసింది. ఇన్నేళ్ళకి. తెలియకుండానే చెయ్యి కాలర్ సర్దుకుంది.

"సార్, కొంచెం పక్కకి జరగండి," అంది లీడరమ్మాయి. "ఆయన ముఖానికి అడ్డొస్తున్నారు."

ఆయన జరిగాడు.

ఒక వీడియో వాసన పట్టుకుని ఊళ్ళు దాటి వచ్చిన ఆ మనిషి, పెట్టె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏదో గొణిగాడు. వీధి మలుపు దాకా వెనక్కి వెనక్కి నడిచి, తర్వాత తిరిగి వేగంగా వెళ్ళిపోయాడు. పిల్లలు మలుపు దాకా తీస్తూనే ఉన్నారు.

చాలాసేపటికి హెడ్మిస్ట్రెస్ ఫోను చేసింది.

"ఊరు దాటించాను. బస్సెక్కారు ఇద్దరూ. ఎక్కడికో నాకు కూడా చెప్పొద్దన్నాను. పిల్లలు తీసింది నాకు పంపమనండి, పోలీసులకిస్తాను. ఇంకెక్కడా పెట్టొద్దనండి. రేపట్నుంచి ఆ సెక్షన్ కూడా మీరే చూసుకోవాలి మాస్టారూ."

ఆ మాట కోసం ఆయన ఎన్నాళ్ళుగానో కాచుకున్నాడు. ఆ తరగతి తనదే కావాలని మనసులో ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టుకున్నాడో. వచ్చింది.

కిటికీలు మూద్దామని ఆమె గదిలోకి వెళ్ళాడు. పిల్లలు ఇళ్ళకి పోలేదు. వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చుని ఉన్నారు. తలుపు చప్పుడుకి అన్ని తలలూ ఒక్కసారిగా లేచాయి, ఆయన్ని చూసి దిగాయి.

"మడత లెక్కలు తీసేశాం సార్," అంది లీడరమ్మాయి. "అన్నీ. మళ్ళీ ఎవరూ ఆ గొంతు వినకుండా."

"నేను రాసింది?"

"దాంతో పాటే పోయింది సార్."

ఆయన బల్ల దగ్గర నిలబడ్డాడు. తప్పు నాది అందామని నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"మీ టీచర్ రేపు మీకో సంగతి చెబుదామనుకుంది. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే. రాసుకోండి."

పుస్తకాలు తెరుచుకున్నాయి. ఎవరూ దగ్గలేదు, గుసగుసలాడలేదు, ఎందుకని అడగలేదు. తలలు వంచి, ఒక్కో అక్షరం కుదురుగా రాసుకున్నారు. ఇన్నేళ్ళలో ఏ తరగతీ ఆయన మాట అంత శ్రద్ధగా రాసుకోలేదు. అది ఆమె మాట కాబట్టి రాసుకుంటున్నారు. ఇప్పుడు కూడా ఆయన గుండెలో ఆ ముల్లు కదిలింది, సిగ్గు లేకుండా.

వాళ్ళ ముఖాల వైపు చూడలేక కిందికి చూశాడు. రోజంతా నిలబడి చెప్పడానికని ఆమె బడిలో వేసుకునే మెత్తటి రబ్బరు చెప్పులు బల్ల కింద ఉన్నాయి, కుడిదాని మడమ ఎడమదానికన్నా లోతుగా అరిగి, రెండూ తలుపు వైపు తిరిగి.